మెలకువ చుక్క

బాబాయి ఒక తెరమీద కనపడ్డ నీళ్ళ డబ్బాల బండికి గేటు తెరిచి, అది పూర్తిగా లోపలికి వెళ్ళిందని చూసుకుని మూసేలోపే రెండో తెరమీద స్కూలు బస్సు వచ్చి నిలబడింది. దానికీ తెరిచాడు. మూడో తెరమీద ఎవరో కొత్త మనిషి చేతిలో పొట్లం పట్టుకుని, గోడకున్న బొత్తాన్ని నొక్కాలా వద్దా అన్నట్టు వేలు పెట్టి తీస్తున్నాడు.

"ఎవరు కావాలండీ?" అన్నాడు బాబాయి మైకులో.

ఆ మనిషి ఉలిక్కిపడి వెనక్కి చూశాడు, పక్కకి చూశాడు, ఆఖరికి ఆకాశంలోకి కూడా చూశాడు. కొత్తవాళ్ళందరూ అంతే. గొంతు వినపడగానే మనిషి కోసం వెతుకుతారు. ఆ గొంతు తాలూకు మనిషి ఊళ్ళో మరో మూల, ఒక భవనం పై అంతస్తులో, ఏసీ హాల్లో కుర్చీకి అతుక్కుని ఉన్నాడని వాళ్ళకేం తెలుసు!

ఆయనకు ఒక పేరుంది. జీతం వేసేవాళ్ళ దగ్గర అది రాసి కూడా ఉంటుంది. కానీ హాల్లో అందరికీ ఆయన గేటు బాబాయే. మిగతావాళ్ళంతా చదువుకుని, వేరే ఉద్యోగాలేవీ దొరక్క ఈ తెరల ముందుకు వచ్చినవాళ్ళు. నిజంగా గేటు దగ్గర నిలబడి వచ్చినవాడు ఆయనొక్కడే.

మీసం రాని వయసులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడ్డాడు. జుట్టు నెరిసేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆయన కథ రాయమంటే అంతకు మించి రాయడానికి పెద్దగా ఏమీ దొరకదు. మధ్యలో పెళ్ళయింది. ఒక కూతురు పుట్టింది, పెరిగింది, తన కాపురం తను చేసుకుంటోంది. తాగుడు లేదు, తగవు లేదు. ఎవరేం చెప్పినా "సరే సార్" అనేవాడు. అలా అని అని, ఇంట్లో పెళ్ళాం కూర తరిగిపెట్టమన్నా ఒక్కోసారి నోరు జారి "సరే సార్" అనేవాడు. ఒక్క విషయంలో మాత్రం ఆయనకు కాస్త గర్వం ఉండేది. తన మూలంగా గేటు బయట ఎవరూ పడిగాపులు పడలేదు. జోరున వాన పడుతున్నా, తను నిలువునా తడిసినా, కారు హారన్ కొట్టకముందే గేటు తెరుచుకునేది.

తర్వాత నిచ్చెనలు వేసుకుని కొందరు వచ్చారు. గోడలకి కెమెరాలు బిగించారు, గేటుకి మోటారు పెట్టారు. ఇక కాపలా మనిషి అక్కర్లేదన్నారు. ఆ చుట్టుపక్కల గేట్ల దగ్గరున్నవాళ్ళంతా తలో దిక్కూ పోయారు. బాబాయి గొంతు బాగుందని, మర్యాద తెలిసినవాడని ఆయన్ని మాత్రం పైకి పిలిచి కుర్చీ ఇచ్చారు. ఎండ లేదు, వాన లేదు. "మా ఆయనిప్పుడు ఆఫీసులో పనిచేస్తారు" అని ఆయన భార్య వాడకట్టంతా చెప్పుకుంది. చెప్పుకోవద్దూ మరి!

మొదట్లో హాల్లో అందరూ ఆయన్ని చూసి నవ్వుకునేవాళ్ళు. తెరమీద కారు కనపడగానే బాబాయి చటుక్కున లేచి నిలబడేవాడు. చెయ్యి నుదుటి దాకా వెళ్ళిపోయేది. ఆ కుర్చీ ఏమో మామూలు కుర్చీ కాదు. మనిషి లేస్తే కూతపెట్టి, సీటు ఖాళీ అని ఎక్కడో రాసేసుకుంటుంది. హాలు చూసుకునే కుర్రాడు, అందరూ చాటుగా అలారం అని పిలిచే ఆ సూపర్‌వైజరు, మంచివాడే, చెవి దగ్గరికి వంగి చెప్పాడు. "బాబాయ్, మీరలా లేవకూడదు. ఇక్కడ మర్యాదంటే కూర్చోవడమే."

"సరే సార్" అన్నాడు బాబాయి. కొన్నాళ్ళకు లేవడం పోయింది. చెయ్యి మాత్రం ఇప్పటికీ కుర్చీ పిడి మీంచి కాస్త లేచి, గుర్తొచ్చి మళ్ళీ దిగుతుంది.

నిలబడి నిలబడి నరాలు ఉబ్బాయని పూర్వం మూలిగేవాడు. ఇప్పుడు కూర్చుని కూర్చుని ఎడమకాలు ఉబ్బింది. పిక్క రాయిలా గట్టిపడి, ముట్టుకుంటే వేడిగా ఉంటోంది. పొద్దున్నే ఆయన భార్య ఆ కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. ఆవిడ ఆ గుంటవైపు చాలాసేపు చూసింది.

"ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. రేపూ ఎల్లుండీ అని నాకు చెప్పకండి."

"డ్యూటీ దిగి వస్తాలేవే."

"మీరొచ్చేసరికి ఆయన తలుపేసుకుపోతాడు. నేను ముందే పోయి వరసలో కూర్చుంటా. మీరు తిన్నగా అక్కడికే రండి. ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, ఆ పెత్తనాలేం పెట్టుకోకండి."

ఎడమకాలికి బూటు పట్టలేదు. మడమ తొక్కి, చెప్పులా ఈడ్చుకుంటూ వచ్చాడు. హాలు గుమ్మం దగ్గర అందరిలాగే ఫోను అలమారాలో పెట్టి తాళం వేశాడు. అది నియమం. పనిలో ఉన్నంతసేపూ బయట ప్రపంచం ఆ మూడు తెరలే.

అయితే తెరలు చూస్తుంటే నిద్ర రాకుండా ఉంటుందా? కదలని గోడల్నీ కదలని చెట్లనీ పొద్దస్తమానం చూస్తే దేవుడికైనా కునుకు పడుతుంది. అందుకని కంపెనీవాళ్ళొక ఉపాయం పెట్టారు. ఉన్నట్టుండి తెరమీద ఏదో ఒక మూల పసుపురంగు చుక్క వెలుగుతుంది. అది ఆరిపోయేలోపు నొక్కాలి. నొక్కితే మనిషి మేలుకుని ఉన్నట్టు. వరసగా కొన్ని తప్పిపోతే సూపర్‌వైజరు బల్ల మీద కూత. మెలకువ చుక్క అంటారు దాన్ని.

కంపెనీ ఒక ఉపాయం పెడితే హాలు ఇంకొకటి పెట్టుకుంది. ఎవరి తలైనా వాలితే పక్కవాళ్ళు చెయ్యి చాచి వాళ్ళ చుక్క నొక్కేస్తారు. దానికి చేబదులు అని పేరు. ఇవాళ నీది నేను నొక్కితే రేపు నాది నువ్వు నొక్కుతావు. ఎవరూ లెక్క రాసుకోరు. రెండేసి ఉద్యోగాలు చేసుకుంటూ వచ్చేవాళ్ళుంటారు, రాత్రంతా చంటిబిడ్డతో జాగారం చేసి వచ్చేవాళ్ళుంటారు. ఈ ఏర్పాటుకి ఒకే ఒక్క కట్టుబాటు. పడుకున్నవాళ్ళని లేపకూడదు. ఆ హాల్లో అంతకంటే పాపం లేదు.

పక్క సీటు అమ్మాయికి కళ్ళు ఎండిపోయే జబ్బు. గంట గంటకీ చుక్కల మందు వేసుకుని, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. అంతసేపూ ఆమె తెరమీది పసుపు చుక్కలు బాబాయే నొక్కుతాడు. ఇప్పుడూ అదే జరుగుతోంది.

"బాబాయ్, కాలెలా ఉంది?" అంది కళ్ళు తెరవకుండానే.

"ఉంది."

"ఉందని నాకూ తెలుసు. ఎలా ఉందీ?"

"సాయంత్రం చూపిస్తున్నానమ్మడూ. మీ పిన్ని ముందే పోయి కూర్చుంటానంది."

"పిన్ని బతికించింది. నేను చెబితే విన్నారా ఎప్పుడైనా?"

మధ్యాహ్నం డబ్బా విప్పి అన్నం తిన్నాడు. నీళ్ళు రెండు గుక్కలు తాగి సీసా మూత పెట్టేశాడు. ఎక్కువ తాగితే లేవాలి, లేవాలంటే చెయ్యెత్తి అడగాలి, తన గేట్లు ఇంకొకరికి అప్పజెప్పాలి. దాహాన్ని కూడా ఆయన డ్యూటీ దిగాకే తీర్చుకోవడం నేర్చుకున్నాడు. తిన్న కాసేపటికి తెరమీద ఒక నవ్వుముఖం ఆవిడ ప్రత్యక్షమై, "ఆరోగ్యమే మన ఆస్తి! రండి, కాళ్ళు కదుపుదాం!" అంది. రోజూ వస్తుంది. ఆవిడ పచ్చగడ్డి మీద గెంతుతుంటే, లేవడానికి వీల్లేనివాళ్ళంతా బల్లల కింద పాదాలు ఆడించారు. బాబాయి కుడిపాదం ఆడించాడు. ఎడమది మాట వినలేదు.

ఆయన చూసే గేట్లలో ఒకటి ఆయన పాత గేటే. కంపెనీవాళ్ళు కావాలని ఇచ్చింది కాదు, అలా కుదిరింది. ఎంత వయసు గడిచిందో ఆ గేటు దగ్గర, కానీ పైనుంచి చూస్తే అదెక్కడో పరాయిచోటులా ఉంటుంది. మొదట్లో రోజంతా దానివంకే చూసేవాడు. ఇప్పుడు అదీ ఒక గేటే.

ఎండ వాలుతుండగా ఆ గేటు ముందు రెండో అంతస్తు పెద్దావిడ ఆటో దిగింది. రెండు చేతుల్లో రెండు సంచులు. ఒక సంచి పిడి తెగింది. ఉల్లిపాయలు రోడ్డు మీద పడి తలోవైపు దొర్లాయి. ఆవిడ వంగబోయింది, వంగలేక గోడ పట్టుకుంది.

బాబాయి లేచాడు. ఎన్నేళ్ళుగానో మానేసిన పని, కుర్చీ అంచు దాటి, రెండు కాళ్ళ మీదా బరువు వేసి లేచాడు. కుర్చీ కూతపెట్టింది. ఎడమ పిక్కలో ఏదో మెలిపడ్డట్టయింది. ఇక్కడినుంచి పరిగెత్తి ఎక్కడికి వెళతాడు? మళ్ళీ కూలబడి మైకు నొక్కాడు.

"జాగ్రత్తమ్మగారూ! వంగకండి, వదిలెయ్యండి. ఆటో అతన్ని తీసిపెట్టమనండి."

పెద్దావిడ తలెత్తింది. "ఆ గొంతు నీదేనటయ్యా? ఎక్కడున్నావు?"

"ఇక్కడేనమ్మగారూ."

"ఇక్కడంటే ఎక్కడ? కనపడవేం?"

"ఉన్నానండీ" అన్నాడు.

"ఉంటే వచ్చి ఇవి ఏరిపెట్టు మరి" అంది ఆవిడ. వేళాకోళమో నిజంగానే అందో తెలియదు. ఆటో అతను దిగి ఉల్లిపాయలు ఏరాడు. బాబాయి గేటు తెరిచాడు. ఆవిడ లోపలికి వెళుతూ వెళుతూ ఒకసారి ఆగి, ఎవరూ లేని చోటుకేసి చూసి, "ఒంట్లో బాగుందా?" అని అడిగింది.

"బాగుందండీ."

అప్పటినుంచీ ఊపిరి సగం దాకా వెళ్ళి ఆగిపోతోంది. పక్కటెముకల కింద సూది పెట్టినట్టుంది. అరగలేదేమో అనుకున్నాడు. గుండెల మీద చెయ్యేసి రాసుకున్నాడు. పసుపు చుక్క వెలిగింది, నొక్కాడు.

డ్యూటీ దిగే వేళయింది. వరసలో ఒక్కొక్కరి వెనకా సాయంత్రం మనిషి వచ్చి నిలబడ్డాడు. బాబాయి వెనక ఎవరూ రాలేదు. సూపర్‌వైజరు చెవి దగ్గర ఫోను పెట్టుకుని అటూ ఇటూ తిరిగాడు, చివరికి దగ్గరికి వచ్చి మెడ గోక్కున్నాడు.

"మీ సీటు మనిషి ఇంకా రాలేదు బాబాయ్. బండి చెడిపోయిందట. వచ్చేదాకా కాస్త..."

"డాక్టరు దగ్గరికి వెళ్ళాలి సార్. ఇంట్లో ఆవిడ అక్కడ కూర్చునుంది."

"తెలుసు బాబాయ్. కానీ మీరు లేస్తే మీ గేట్లన్నీ మూతపడతాయి. జనం ఇళ్ళకి వచ్చే వేళ. బయటే నిలబడిపోతారు పాపం."

సూపర్‌వైజరు ఆ మాట బలం తెలిసే అన్నాడో, ఊరికే అన్నాడో! బాబాయి తెరలవంక చూశాడు. నిజమే, గేట్ల ముందు బళ్ళు చేరుతున్నాయి. ఒక్క వాక్యం చాలు. "నా వల్ల కాదు" అంటే అయిపోయేది. ఇన్నేళ్ళలో ఆ వాక్యం వాడి ఎరగడు. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా ఆయనకు తెలియదు.

"సరే సార్" అన్నాడు.

పక్క సీటు అమ్మాయికి బదులు రావలసిన మనిషి కూడా రాలేదు. ఆ బండి మీద వచ్చేది ఇద్దరూ కలిసే. ఆమె బాబాయివైపు చూసి పళ్ళు కొరికింది. "అలా సరే సరే అంటారేంటి బాబాయ్? కాలు మీదా, అతనిదా?"

"వచ్చేస్తారులేమ్మా. ఎంతసేపు."

వరసలో కూర్చున్న భార్య గుర్తొచ్చింది. తన వంతు వచ్చినప్పుడల్లా పక్కవాళ్ళని ముందుకు పంపుతూ, "మా ఆయన వస్తున్నారు, దారిలో ఉన్నారు" అని చెబుతూ ఉంటుంది. ఎవరూ అడక్కపోయినా చెబుతుంది. ఆ మాట అనుకుంటే ఆయనకు సిగ్గుగా, జాలిగా కూడా అనిపించింది. ఆవిడకి కబురు పంపడానికి ఫోను అలమారాలో ఉంది. అలమారా హాలు అవతల ఉంది. అంత దూరం నడవాలంటే లేవాలి.

పాత గేటు ముందుకు ఒక తెల్ల కారు వచ్చింది. అది హారన్ కొట్టకముందే తెరిచాడు. చెయ్యి కుర్చీ పిడి మీంచి కాస్త లేచింది. కారు లోపలికి వెళ్ళింది. గేటు నెమ్మదిగా మూసుకుంది. చెయ్యి దిగింది. తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనింది. పెద్ద శబ్దమేమీ కాలేదు. ఆయనకు చావు కూడా హారన్ కొట్టకుండానే వచ్చింది.

కాసేపటికి పసుపు చుక్క వెలిగింది. పక్క సీటు అమ్మాయి చూసింది. బాబాయి తల చూసింది. 'పాపం, కునుకు పట్టినట్టుంది' అనుకుని చెయ్యి చాచి నొక్కింది.

రెండోది కూడా నొక్కింది. ఆయన కీబోర్డు తనవైపు లాక్కుని ఆయన గేట్లు కూడా తనే తెరవసాగింది. తన తెరలు, ఆయన తెరలు, మండే కళ్ళు. అయినా ఆమెకు విసుగు రాలేదు. ఇన్నాళ్ళూ తన చుక్కలు ఎన్ని నొక్కాడో ఈ మనిషి, ఇవాళ తిరిగి ఇచ్చుకునే వీలు దొరికింది అనుకుంది. ఆయన స్పీకరు గొంతు తగ్గించింది. అవతలి వరసలో ఎవరో గట్టిగా నవ్వితే పెదాల మీద వేలు పెట్టి బాబాయిని చూపించింది. వాళ్ళు నాలిక కరుచుకుని గుసగుసల్లోకి దిగారు. ఆ వరస వరసంతా ఆయన నిద్ర చెడగొట్టకూడదని మెల్లగా మాట్లాడుకుంది. సూపర్‌వైజరు ఒకసారి తన బల్ల మీది తెర చూసుకున్నాడు. అన్ని సీట్లూ మెలకువగానే ఉన్నాయి. చుక్క వెలిగింది, ఆమె నొక్కింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ నొక్కింది.

బయట దీపాలు వెలిగే వేళకు ఆమె తెరమీద ఒక గేటు బొత్తాం మోగింది. అది వాళ్ళున్న భవనం గేటే. దానికీ కాపలా అక్కడినుంచే. కెమెరా కింద నడివయసు దాటిన ఒకావిడ నిలబడి ఉంది. నడిచి వచ్చినట్టుంది, చెమట కక్కుతోంది. కుడిచేత్తో బొత్తాం నొక్కి పట్టుకుని, ఎడమచేత్తో ఏవో చెప్పులు పట్టుకుంది.

"ఎవరు కావాలండీ?"

"మా ఆయన పైన పనిచేస్తారమ్మా. గేటు బాబాయి అంటారట మీరంతా."

"పిన్నీ! మీరా! నేను పక్క సీటండీ."

ఆవిడ ముఖం విప్పారింది. ఎటు చూడాలో తెలియక స్పీకరు రంధ్రాలకేసి చూస్తూ మాట్లాడింది. "ఏం తల్లీ, ఈయన ఇంకా దిగలేదేం? డాక్టరు లేచిపోతుంటే బతిమాలి కూర్చోబెట్టి వచ్చాను. మనిషొస్తే చూస్తానన్నాడు. పద పదమను. ఇదిగో, బూటు పట్టట్లేదని కాస్త వదులు చెప్పులు కొనుక్కొచ్చా." కెమెరా ఎక్కడుందో వెతికి, చెప్పులు పైకెత్తి చూపించింది.

"నిద్రపోతున్నారు పిన్నీ. బాగా అలిసిపోయారు. నేనే లేపలేదు."

"నిద్రా? ఎంతసేపట్నించీ?"

"చాలాసేపైంది."

"అయ్యో, పగలు పడుకునే మనిషి కాదే! లేపమ్మా, ఏమనుకోకు."

ఆమె కట్టుబాటు పక్కన పెట్టింది. "బాబాయ్, లేవండి. పిన్ని వచ్చింది" అంటూ భుజం తట్టింది. తర్వాత చెయ్యి పట్టుకుంది. కుర్చీ పిడి మీదున్న ఆ చెయ్యి బల్ల ఎంత చల్లగా ఉందో అంత చల్లగా ఉంది. ఆమె దాన్ని వదలలేదు. అరవనూ లేదు. సూపర్‌వైజరే ఆమె ముఖం చూసి పరిగెత్తుకొచ్చాడు. ముక్కు దగ్గర వేలు పెట్టాడు, మెడ మీద పెట్టాడు. లేచి నిలబడి, తన బల్లవైపు చూశాడు, మళ్ళీ బాబాయివైపు చూశాడు.

"మేలుకునే ఉన్నారు కదా," అన్నాడు పిచ్చివాడిలా. "ఇప్పటిదాకా ఒక్క చుక్క కూడా తప్పలేదు."

"నేనే నొక్కాను సార్."

నొక్కని చెయ్యి ఆ హాల్లో ఒక్కటీ లేదు.

"లేచారా అమ్మా?" అంది స్పీకరు.

ఆమె మైకు మీద వేలు పెట్టి తీసేసింది. కింద ఆవిడ చెప్పులు నేలమీద పెట్టి, చెమట తుడుచుకుని, తలెత్తి ఈసారి సరిగ్గా కెమెరాలోకి చూసింది. ఆ చూపుకి జవాబుగా ఈ అమ్మాయి చేతనైనది ఒక్కటే ఉంది. గేటు తెరిచే బొత్తాం నొక్కింది.

గేటు తెరుచుకుంది. ఎవరూ ఏమీ అనకుండా తెరుచుకున్న గేటువంక ఆవిడ ఒక క్షణం చూసింది. ఏమర్థమైందో, వట్టి చేతులతో లోపలికి పరిగెత్తింది. గేటు మళ్ళీ మూసుకుంది. తెరమీద వీధి దీపం కింద ఎవరూ లేరు. కొత్త వదులు చెప్పుల జత ఒకటి, ధర చీటీ ఇంకా ఊడదీయనిది, లోపలివైపు మొహం పెట్టి ఉంది.